పెన్సిల్‌తో రాసిన ముగింపు

ఈ కథ మస్కట్‌లో సంగీతపు మనుషుల మధ్య ఒక తీరుగా తిరుగుతోంది. ఒక పెద్ద సంగీతశాలలో హెల్పర్ ఒకడు, చదువు లేనివాడు, తెలియక ఒక మహానుభావుడి చేతిరాతను రబ్బరు పెట్టి చెరిపేశాడట. అక్కడి లైబ్రేరియన్, ఎవరో ఆంధ్రావిడ, బహు తెలివైనది, దీపం పెట్టి చూసి ఆ రాతను మళ్ళీ బయటికి తీసిందట. వినడానికి బాగుంటుంది. నాకు పేరొచ్చే కథ కాబట్టి చాలాకాలం నేనూ గట్టిగా అడ్డు చెప్పలేదు. మొన్న ఒకరింట్లో భోజనాల దగ్గర ఒకాయన ఈ కథ నాకే చెప్పి, “మీరూ ఆ లైన్లోనే చేశారట కదండీ, ఆవిడ మీకేమైనా తెలుసా?” అని అడిగాడు. తెలుసన్నాను. అంత తెలివైనదేం కాదన్నాను.

జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. చెరిపింది నేను. బయటికి తీసింది అతను. నాకు డిగ్రీ ఉంది, వయొలిన్‌లో డిప్లొమా ఉంది. అతనికి ఏడో తరగతి దాకా చదువుంది. కథలు చెప్పేవాళ్ళు ఈ అర్హతలు చూసుకుని ఎవరి పాత్ర వాళ్ళకు పంచేశారు.

మా సంగీతశాలకు సొంత ఆర్కెస్ట్రా ఉండేది. అరవైమంది దాకా వాయించేవాళ్ళు. ప్రతివాళ్ళ ముందూ స్టాండు మీద వాళ్ళ వాద్యానికి కావలసిన కాగితాలుంటాయి. ఆ కాగితాలు తెప్పించి, సరిచూసి, పంచి, మళ్ళీ పోగుచేసే మనిషిని నేను. పెళ్ళయి గుంటూరు నుంచి ఇక్కడికొచ్చినదాన్ని. మా ఆయనకు రుసైల్లో పైపుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇంట్లో కూర్చుని ఎన్నాళ్ళని ఎండను తిట్టుకుంటానని, పాశ్చాత్యుల స్వరలిపి నేర్చుకుని ఈ పనిలో చేరాను. పద్నాలుగేళ్ళు చేశాను. నిరుడు ఆ పోస్టు ఇక్కడి అమ్మాయికిచ్చారు. వాళ్ళ దేశం, వాళ్ళ కుర్చీ. అందులో నాకు వాదనేమీ లేదు. నాకు వాదన లేని విషయాలు తక్కువ కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇలాంటి పనుల్లో కొత్తగా చేరే మన పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ఆర్కెస్ట్రా కాగితాలు చాలావరకు ఐరోపా నుంచి అద్దెకొస్తాయి, వాయించాక తిరిగి వెళ్తాయి. వాయించేవాళ్ళు వాటిమీద ఏం రాసుకున్నా పెన్సిల్‌తోనే రాసుకోవాలి, తిప్పి పంపేముందు లైబ్రేరియన్ ఆ రాతలన్నీ చెరపాలి. సిరాతో ఉన్నది స్వరకర్తది, పెన్సిల్‌తో ఉన్నది వాయించినవాళ్ళది. మా వృత్తికి ఇదే వేదం. కానీ అందరు లైబ్రేరియన్లూ చెరపరు. అందుకని ఊళ్ళన్నీ తిరిగిన రాతలు మన దాకా వస్తాయి. విల్లు పైకో కిందికో చెప్పే గుర్తులైతే సరే. ‘ఇక్కడ నిద్రపోవద్దు’ అని ఉంటుంది. కండక్టర్ బొమ్మ ఉంటుంది, దానికి కొమ్ములుంటాయి. ఒకసారి ట్రాంబోన్ కాగితాల మీద టొమేటో సూప్ చేసే విధానం మొత్తం వచ్చింది. చేశాను. ఉప్పు ఎక్కువ చెప్పాడు.

నా దగ్గరికొచ్చిన ఏ కాగితమైనా ముందు తలంటు పోసుకోవాలి, తర్వాతే స్టాండెక్కాలి. ఇది నా పద్ధతి. నా ముందు పనిచేసినావిడ దగ్గర ఇంత శుభ్రత లేదని ఆర్కెస్ట్రా అంతా అనేది. అనేదాకా నేను ఊరుకోలేదు.

ఆ హెల్పర్ సంగతి కూడా చెప్పాలి. జగిత్యాల వైపు మనిషి, నా ఈడువాడే. సోహార్‌లో పదేళ్ళకు పైగా ప్లాస్టరింగ్ మేస్త్రీగా పనిచేసి, మోకాలు పట్టేశాక మా దగ్గర స్టేజీ పనికి కుదిరాడు. కుర్చీలు, స్టాండ్లు వేయడం, ఫోల్డర్లు మోయడం. కుర్చీల వరస తాడు పట్టి చూసినట్టుండేది. నలుగురిలో నన్ను మేడం అనేవాడు, తెలుగులో అక్కా అనేవాడు.

ఆ ఏడాది కెటలన్ సంగీతంతో ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. కెటలన్‌లంటే స్పెయిన్‌లో బార్సిలోనా వైపువాళ్ళు. భాష వేరు. వాళ్ళను స్పానిష్‌వాళ్ళంటే, మనల్ని ఉత్తరాదివాళ్ళు మద్రాసీ అన్నప్పుడు మనకు మండినట్టు మండుతుంది. కార్యక్రమంలో ప్రధాన రచన చేసిన స్వరకర్త పోయి చాలాకాలమైంది. ప్రేక్షకులకు పంచే చిన్న పుస్తకంలో ఆయన గురించి రాసే పని కూడా నాదే. ఆయన కూతురు పంపిన రెండు పేజీల్లోంచి రాశాను.

సీసాలకు బిరడాలు కోసే కార్మికుడి కొడుకు. సముద్రం పక్కన చిన్న ఊరు. ఊరి బ్యాండులో తెనోరా వాయిస్తూ పెరిగాడు. తెనోరా అంటే మన సన్నాయికి పెద్దన్న లాంటిది. కింద లోహపు గరాటా ఉంటుంది, గొంతు వీధి చివరిదాకా పోతుంది. అక్కడ పండగనాడు జనం చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే నాట్యానికి అది లేకపోతే కుదరదు. బార్సిలోనా వెళ్ళి సంగీతం చదివాడు. ఇంతలో అంతర్యుద్ధం వచ్చింది, ఆయనున్న పక్షం ఓడింది. గెలిచిన నియంత వాళ్ళ భాషను బడిలోంచీ వేదిక మీదనుంచీ దింపేశాడు. ఈయన ఊరికి తిరిగొచ్చి పిల్లలకు స్వరాలు నేర్పుతూ, చర్చిలో ఆర్గన్ వాయిస్తూ, పండగ నాట్యాలకు బాణీలు కడుతూ బతికాడు. పెద్ద ఆర్కెస్ట్రాకు రాసింది ఒకే ఒక్కటి. అందులో వయొలిన్ల మధ్య తెనోరాను కూర్చోబెట్టాడు. పట్నపు ఆర్కెస్ట్రాలో పల్లె సన్నాయి. ఆయన బతికుండగా దాన్ని రెండుసార్లు వాయించారు. నియంత కంటే ముందే ఆయన పోయాడు.

ఆ రెండు పేజీల్లో పెన్సిల్ అన్న మాట ఎక్కడా లేదు. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ రచనను ఎవరూ అచ్చువేయలేదు. ఆయన చేత్తో రాసిన కాగితాల కట్ట ఒక్కటే, కూతురి దగ్గరుండేది. ఆవిడకు ఎనభై దాటాయి. దాన్ని కొరియర్లో మాకు పంపింది. కట్ట విప్పితే సిరాతో రాసిన అందమైన రాత, దానిమీద అక్కడక్కడా పెన్సిల్. తెనోరా కాగితాల చివరి పేజీలో మరీ ఎక్కువ. అక్కడ తెనోరాకు పనిలేదు. ముగింపులో బాకాలు, డోళ్ళు మోగుతుంటే అది ఊరుకోవాలని సిరాతో ఉంది. ఆ ఖాళీల్లో ఎవరో పెన్సిల్‌తో స్వరాలు నింపారు, కింద ఏవో మాటలు రాశారు. కండక్టర్ చూసే పెద్ద ప్రతిలో కూడా చివరి రెండు పేజీల మీద పెన్సిల్‌తో అడ్డగీత ఉంది.

నేను రబ్బరు తీశాను. అతను బల్ల పక్కన నిలబడి రబ్బరు పొట్టు దులుపుతున్నాడు.

“గిదంత ఎవలు రాసిండ్రక్కా?”

“ఎవరో వాయించినవాడు. పనిలేనప్పుడు రాసుకుని ఉంటాడు.”

“శాన ముద్దుగ రాసిండు.”

“ముద్దుగా రాస్తే ఉంచుతామా?”

“నాకేమెర్క. పని లేనోడు గింత కుదురుగ రాయడని అన్న.”

ఆ మాట నా చెవిన పడింది. చేయి ఆగింది కూడా. నాకు అనుమానం రాలేదని నేను ఎవరికీ చెప్పలేదు. వచ్చింది. పొట్టు ఊదేంతసేపు ఉండి పోయింది. తర్వాత చెరిపాను. బాగా చెరిపాను. నన్ను అశ్రద్ధ మనిషి అని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. నాది అశ్రద్ధే అయితే ఆయన రాత బతికిపోయేది. దాని ప్రాణం తీసింది నా శ్రద్ధే.

ముందు స్కాన్ చేసి పెట్టుకోవాల్సింది కదా అంటారేమో. స్కాన్ చేశాను. చెరిపాక. శుభ్రంగా వచ్చింది.

కార్యక్రమానికి రెండురోజుల ముందు మధ్యాహ్నం కూతురూ, తెనోరా వాయించే ఆయనా విమానాశ్రయం నుంచి నేరుగా సంగీతశాలకే, ఆర్కెస్ట్రా రిహార్సల్‌కు కూర్చునే వేళకు వచ్చారు. ఆయనది వాళ్ళ ఊరే, యాభై ఏళ్ళుంటాయి, ఇంగ్లీషు వచ్చు. ఆవిడకు కెటలన్ తప్ప మాట్లాడటం ఇష్టం లేదు. ఆయన స్టేజీ ఎక్కి వాద్యం బిగించి, రెండు స్వరాలు పలికించి చూసుకున్నాడు. పక్కన స్టాండు సరిచేస్తున్న మా మనిషి నావైపు తిరిగాడు.

“గిది మా దిక్కు పెండ్లిల సన్నాయే గద అక్కా. దీనికోసం ఈయన్ని గింతదూరంకెళ్ళి పిలిచిండ్రా?”

“ఊరుకో. వింటాడు.”

“తెలుగు ఎర్కనా ఆయనకు?”

తెనోరా ఆయన ఫోల్డర్ తెరిచి చివరి పేజీకి వెళ్ళాడు. ఒకసారి వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు. కండక్టర్ని పిలిచాడు. తర్వాత ఆ కాగితం తీసుకుని కిందికి దిగి మొదటి వరసలో కూర్చున్న ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ అరవలేదు. వేలితో ఆ ఖాళీ గీతల మీద అటునుంచి ఇటు తడిమింది, గుడ్డివాళ్ళు చదివినట్టు.

అప్పుడు చెప్పారు మాకు. ఆ రోజుల్లో ఏ రచన వేదికెక్కాలన్నా ముందు సెన్సారు ఇన్‌స్పెక్టర్ చూడాలి. ఆయన కోసం ఈ స్వరకర్త సిరాతో ఒక ముగింపు రాసిపెట్టాడు. బాకాలు, డోళ్ళు, విజయం. అసలు ముగింపు పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఎవరైనా తనిఖీకి వస్తే ఒక్క నిమిషంలో చెరిపేయొచ్చని. అందులో బాకాలన్నీ ఆగిపోతాయి, పెద్ద ప్రతిలో అడ్డగీత అందుకే. తెనోరా ఒక్కటే ఒక పాట వాయిస్తుంది. అది కూతురు పుట్టినప్పుడు ఆయన కట్టిన జోల. మాటలు వాళ్ళ భాషలో ఉన్నాయి. ఉయ్యాల్లో ఉన్నప్పుడు విన్నదే, ఆవిడకు గుర్తులేదు. తర్వాత ఆయన ఇంట్లో కూడా ఎప్పుడూ వాయించలేదు. ఎనభై ఏళ్ళు దాటాక ఆ పాట వినడానికి ఆవిడ మస్కట్ వచ్చింది. ఫోన్‌తో ఫొటో తీసుకుంటానని తెనోరా ఆయన అడిగితే కూడా ఒప్పుకోలేదట. ముందు వేదిక మీద చెవితో వినాలి, అప్పటిదాకా ఎవరూ వాయించకూడదని ఆవిడ పట్టు.

“మరి పెన్సిల్ ముట్టుకోవద్దని ఒక చీటీ పెట్టొచ్చు కదా?” అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

తెనోరా ఆయన ఆవిడకు చెప్పి, ఆవిడ మాట నాకు చెప్పాడు. “పోయిన మనిషి రాతను ఎవరైనా చెరుపుతారని నాకెలా తెలుస్తుంది అంటున్నారు.”

దానికి నా దగ్గర జవాబుంది. తిప్పి పంపేముందు చెరపాలని ప్రతి అద్దె ఒప్పందంలోనూ ఉంటుంది. చెప్పలేదు.

మా మేనేజరుగారు వచ్చారు. మర్యాదస్తుడు, గొంతెత్తడు. “ఈ ఫోల్డర్లు ఎవరు చూశారు?” అని అడిగారు. “మోసింది నేను సార్,” అన్నాడు మా మనిషి హిందీలో. అడిగిన ప్రశ్న వేరు, చెప్పిన జవాబు వేరు. కానీ అక్కడున్నవాళ్ళందరికీ ఆ జవాబే కావలసింది కాబట్టి అది సరిపోయింది. వయొలిన్లవైపు ఎవరో నిట్టూర్చారు. నేను నిలబడే ఉన్నాను. నోరు ఉంది. అందరికీ తెలిసిన నోరే.

నేను చెప్పాను. టీ తాగాక చెప్పాను. మేనేజరు గదిలో, ఆయనా కండక్టరూ ఉండగా, చెరిపింది నేను, అతను పొట్టు దులిపాడంతే అని చెప్పాను. ఆ టీ వ్యవధిలో కథ మొదటి రూపం అరవైమందికీ చేరిపోయింది. రెండో రూపం విన్నవాళ్ళు ఇద్దరు. మీరు ఈరోజు వింటున్న కథ ఆ టీలో పుట్టింది.

కండక్టర్ సిరా ముగింపు వాయిద్దామన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. “అది మా నాన్న ఇన్‌స్పెక్టర్ కోసం రాసింది. ఇన్‌స్పెక్టర్ పోయాడు. ఇంకెవరి కోసం వాయిస్తారు?” అది వాయించేటట్టయితే రచన మొత్తం వెనక్కి తీసుకుని రేపటి విమానానికి వెళ్ళిపోతానంది. రేపటిదాకా సమయం ఇచ్చింది.

నేను కాగితం తీసుకుని కింద లైబ్రరీకి వెళ్ళాను. అది కిటికీలు లేని గది. భూతద్దం పెట్టి చూశాను. నా పనితనం నిజంగా బాగుంది. ఏమీ మిగల్లేదు. అతను తలుపు దగ్గర నిలబడ్డాడు.

“అక్కా, గా కాయితం ఒక్కపారి ఇయ్యిన్రి.”

“ఇంకా ఏం చూస్తావు? ఇంక ఖల్లాస్.”

“గోడ జూసినట్టు జూస్త.”

“ఇది గోడ కాదు.”

“గోడ గాదని నాకెర్కనే గని లైటు బందు జెయ్యిన్రి.”

లైటు ఆర్పాను. అతను కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫోన్ టార్చ్ వెలిగించి, దాన్ని బల్లకు ఆనించి పక్కనుంచి పట్టాడు. వెలుగు కాగితం మీద పడుకున్నట్టు పాకింది. తెల్లటి కాగితం మీద చిన్న చిన్న గుంటలు నీడలు వేశాయి. స్వరాల తలలు, కాడలు. కింద అక్షరాలు.

“సోహార్ల గోడ అయినంక మేం గిట్లనే జూసేది,” అన్నాడు. “ఎదురుంగ జూస్తె అంత సాపే ఉంటది. పక్కకెళ్ళి లైటు గొడ్తె మేస్త్రి లంగతనమంత బయటవడ్తది. పెన్సిల్ ఒత్తి రాసిండు గద, ఆ ఒత్తుడు మీ రబ్బరుకు దొరకదు.”

అతను నావైపు గర్వంగా చూడలేదు. వేరే ఎవరైనా అయితే చూసేవాళ్ళు. నేనైతే వారం రోజులు చూసేదాన్ని.

తెనోరా ఆయన్ని పిలిపించాం. ఆవిడ రానంది. పైనే కూర్చుంటానంది, ముక్కలు ముక్కలుగా వినదట. ఆ సాయంత్రం దాకా పని అలా సాగింది. మా మనిషి టార్చ్ అంగుళం అంగుళం జరుపుతాడు, నేను కనిపించింది కొత్త కాగితం మీద రాస్తాను, తెనోరా ఆయన అది స్వరంలో సరిపోతుందో లేదో చాలా సన్నగా కూనిరాగం తీసి చూస్తాడు. కింద మాటల్లో ఒకచోట పాప పేరు ఉందన్నాడు. మిగతావి చదవలేదు. నేనూ అడగలేదు. అప్పటికే నేను ఆ కుటుంబం విషయాల్లో తగినంత వేలు పెట్టాను.

చివరి నాలుగు బార్ల దగ్గర ఆగిపోయాం. బార్ అంటే మన ఆవర్తనం లాంటిది. అక్కడ కాగితం గరుకెక్కి నూగుగా ఉంది. టార్చ్ ఎటునుంచి పట్టినా గుంటలు ఒకదానిమీద ఒకటి పడి ఏదీ తెలియడం లేదు. మా మనిషి వేలితో తడిమాడు.

“గీడ రెండుపార్లు రుద్దిండ్రక్కా. మీదికెళ్ళి ఒకటి తెల్లగున్నది, అది మీరు. కిందిది పచ్చవడ్డది. అది ఎన్కటిది.”

“ఎవరు?”

“నన్నడిగితె? గోడైతె జెప్త. పాత పూత మీద కొత్త పూత. నడుమ ఏమున్నదో గోడకే ఎర్క.”

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. పెన్సిల్ ఉన్నచోటే కాదు, పేజీ మొత్తం ఒకచేయి రబ్బరు వేస్తాను. ఖాళీ అయినా సరే. కాబట్టి ఆ తెల్లటి గరుకుని బట్టి అక్కడ నేనేదో చెరిపానని చెప్పలేం, చెరపలేదనీ చెప్పలేం. నాకు ఆ నాలుగు బార్లు గుర్తులేవు. పేజీ పైభాగం గుర్తుంది, ‘ముద్దుగ రాసిండు’ అన్న మాట గుర్తుంది. అడుగుభాగం చెరిపేటప్పటికి నేను మధ్యాహ్నం క్యారేజీలో ఏముందో ఆలోచిస్తున్నాను.

కండక్టర్ ఆ నాలుగు బార్లకు ఏదో ఒకటి కట్టి నింపుదామన్నాడు. తెనోరా ఆయన వద్దన్నాడు. “ఉన్నంతవరకు వాయిస్తాను. తర్వాత ఆగుతాను.”

కార్యక్రమంనాడు అలాగే జరిగింది. బాకాలు పెదాల నుంచి దించారు, డోళ్ళ మీద చేతులు ఆనించారు. తెనోరా ఒక్కటే లేచింది. ఇంత గొంతున్న వాద్యం అంత మెల్లగా పలుకుతుందని నాకు తెలియదు. తెరచాటున నా పక్కన నిలబడి మా మనిషి కుర్చీ వీపు మీద వేలితో తాళం వేస్తున్నాడు. పాట ఆ చోటికి వచ్చేసరికి తెనోరా ఆయన వాద్యం ఒళ్ళోకి దించుకున్నాడు. కండక్టర్ చేయి మాత్రం ఆగలేదు. శబ్దం లేని నాలుగు బార్లు లెక్క తప్పకుండా వేసి, అప్పుడు దించాడు. చప్పట్లు కొట్టాలో లేదో తెలియక జనం ఒక్కొక్కరుగా మొదలుపెట్టారు.

విమర్శకులు ఆ నిశ్శబ్దాన్ని చాలా మెచ్చుకున్నారు. స్వరకర్త సాహసం అన్నారు. నా రబ్బరుకు పత్రికల్లో వచ్చిన ప్రశంస అదొక్కటే.

ఆవిడ స్టేజీ వెనక్కి వచ్చి ముందు అతనెక్కడని అడిగింది. అతని రెండు చేతులూ పట్టుకుని అరచేతులు తిప్పి చూసి, తన భాషలో ఏదో చాలాసేపు చెప్పింది. “మంచిగున్నదమ్మా, మీ నాయినది పాట మంచిగున్నది,” అన్నాడతను. ఆవిడ మళ్ళీ ఏదో అంది. “అవునమ్మా, గట్లనే ఉంటది,” అన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో అనువాదం చేస్తానని వచ్చిన తెనోరా ఆయన్ని ఇద్దరూ పట్టించుకోలేదు.

నావైపు మాత్రం తల ఊపి సరిపెట్టింది. ఊరుకునే రకం కాదు కదా నేను. కాగితం తెచ్చి ఆ చివరి భాగం చూపించి అడిగించాను. ఇక్కడ రెండుసార్లు చెరిపిన ఆనవాలుంది, పాతది మీ నాన్నగారిదేనా, ఆయన ఇంట్లో ఈ పేజీతో కూర్చోగా మీరెప్పుడైనా చూశారా అని. ఆవిడ కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత తెనోరా ఆయన నాతో అన్నది ఇదీ. “వాళ్ళమ్మ చెప్పేదట. ఈయన ఆ పాట చివరిదాకా ఎప్పుడూ పాడేవాడు కాదట. పాప నిద్రపోగానే ఆపేసేవాడట.”

అది జవాబో కాదో నాకిప్పటికీ తెలియదు. ఆవిడ పోయిందని రెండేళ్ళ కిందట తెనోరా ఆయన ఉత్తరం రాశాడు. ఆ కాగితం ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో అద్దం కింద ఉందట, ఎవరూ ముట్టుకోకూడదట. మంచిపని. మా మనిషి మోకాలికి ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్ళాడు. ఫోన్ చేసినప్పుడు కథ తప్పుగా తిరుగుతోందని చెబితే నవ్వాడు. “పోనియ్యక్కా, గోడ కట్టినోని పేరు గోడ మీద రాస్తరా?” అన్నాడు. రాయాలి అన్నాను. అందుకే ఇది రాశాను.

మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే రబ్బరు వాడొద్దని నేను చెప్పను. వాడండి. కాకపోతే పక్కన నిలబడ్డ మనిషి ‘ముద్దుగ రాసిండు’ అంటే, ముందు అతనికో కుర్చీ వేసి, ఆ పేజీ స్కాన్ చేసుకోండి.

నాకు కావలసింది ఒక్కటే. కాగితాల గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. ఆ నాలుగు బార్లను ఆయన చెరిపి, ఖాళీగానే వదిలేశాడా? లేక చెరిపి, బాగా ఆలోచించి, మళ్ళీ రాసి పెడితే నేను చెరిపానా?